డొల్ల చప్పుడు

ఏప్రిల్.
మెయిన్ తీరంలో మంచు ఇంకా పూర్తిగా పోలేదు,
బురద మాత్రం ముందే వచ్చి కూర్చుంది.
విన్‌స్లో పెరట్లో ఆ పడవ
తెల్ల ప్లాస్టిక్ చుట్టుకుని
ఆపరేషన్‌కి ముందు పేషెంటులా పడుంది.

ఒడెట్ పెల్కీ చూడ్డానికి రావడం ఇది రెండోసారి.
మొదటిసారి
జేబుల్లోంచి చేతులు తియ్యకుండా చుట్టూ తిరిగి
"ఆలోచించుకుంటా" అని వెళ్ళిపోయింది.
ఏమీ ఆలోచించలేదు.
వారమంతా
నోళ్ళు తెరిచిన మనుషుల మీదికి వంగి
గార గీకుతూ
పంతొమ్మిది అడుగులు, పంతొమ్మిది అడుగులు అనుకుంది.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని అదే, పరాయివాళ్ళ పళ్ళు.
ఈ ఒడ్డునే పుట్టి
సముద్రాన్ని క్లినిక్ కిటికీలోంచీ
కారు అద్దంలోంచీ చూసింది.
సముద్రం పక్కన బతకడం వేరు,
దానితో మాటా మంతీ ఉండటం వేరు.

ఇవాళ పడవలు పరీక్షించే ఓరిన్‌ని వెంటబెట్టుకొచ్చింది.
మోకాళ్ళదాకా బురద, చేతిలో చిన్న సుత్తి.
ప్లాస్టిక్ కోశారు.
లోపల్నించి పాత వేసవి వాసన,
పెట్రోలు, నాచు, ఎండిన పొలుసు.
ముక్కు దగ్గర మొదలెట్టి కొట్టుకుంటూ పోయాడు ఓరిన్.
టక్. టక్. టక్.
గట్టి చప్పుడు, బతికున్న చప్పుడు.
టక్. టక్.
వెనక, మోటారు బిగించే చోట,
డబ్.

అతనికన్నా ముందు ఆమె తలెత్తింది.
పైకి తెల్లగా మెరుస్తూ లోపల పుచ్చిన పన్ను
తడితే ఇలాగే పలుకుతుంది.
సుత్తి తను తీసుకుని
జానెడు ఎడమకి, బెత్తెడు కిందికి
డొల్ల అంచులు వెతికింది.
"నొప్పిగా ఉందా?" అనబోయింది, అలవాటు కొద్దీ.
ఎవర్ని అడగడం?

విన్‌స్లో బురదలోకి చూస్తున్నాడు.
"నాలుగేళ్ళ నుంచి తెలుసు. మీరు అడగలేదు."
కాసేపాగి,
"అడుగుతారనే అనుకున్నా."

ఓడ ఎక్కేదాకా ఒక మల్లయ్య,
దిగాక ఇంకో మల్లయ్య.
ఓడ అమ్ముకునే మల్లయ్య చేతులెక్కడ పెట్టుకోవాలో
సామెత చెప్పలేదు.

ఆమె నోరు విప్పకుండానే ధర దిగింది,
ఒక మెట్టు కాదు, ఎవరో తరుముతున్నట్టు నాలుగు మెట్లు.
"ట్రెయిలర్ కూడా తీసుకెళ్ళండి. లంగరు తాడు కూడా.
ఆ బకెట్టూ."
ఏనుగుని కొన్నవాళ్ళు అంకుశం దగ్గర బేరమాడతారు,
ఇతను అంకుశం చేతికిచ్చి
ఏనుగుని వదిలించుకుంటున్నాడు.

ఓరిన్ పక్కకి పిలిచాడు.
వద్దు. కలప తీసెయ్యాలి, ఫైబర్ పొరలు కొత్తగా వెయ్యాలి,
కూలీ లెక్కేస్తే ఇంకో పడవ వస్తుంది.
అన్నీ నిజాలే.
వినేటప్పుడు ఆమె వేలు ఆ డొల్ల మీదే ఉంది,
జ్వరం చూస్తున్నట్టు.

వంటింటి బల్ల మీద రసీదు రాశారు.
మోటారు నంబరు, తేదీ, డాలర్లు.
సంతకం చేశాక విన్‌స్లో కలం మూత కోసం
అయిదు నిమిషాలు వెతికాడు.
మూత కలం వెనకే ఉంది.
ఇద్దరూ ఆ మాట అనలేదు.

జూన్ పోయింది, జూలై పోయింది.
జుట్టులో ఫైబర్ దుమ్ముతో పనిలోకి వెళ్ళింది ఒడెట్.
సెప్టెంబర్‌లో, అందరూ పడవలు ఒడ్డుకి లాగేస్తున్నప్పుడు,
తనది నీళ్ళలోకి దించింది.

రెండొందల గజాలు. అంతకన్నా ధైర్యం చాల్లేదు.
మోటారు ఆపి వెనక్కి తిరిగితే
పొగమంచులో ఊరు,
ఇళ్ళ వరసలో క్లినిక్ కిటికీ.
ఇంత చిన్నదా!
అందులోంచి తనని చూస్తున్నట్టు
ఒక క్షణం చెయ్యూపింది.

తర్వాత వెనక చెక్క మీద వేలి కణుపుతో కొట్టింది.
టక్.

బూటులో చల్లగా తగిలింది.
నీళ్ళు. ఎక్కణ్ణుంచో తెలీదు.
బకెట్ ఉంది.